పొలానికీ ఆఫీసుకూ కలిపి ఒకే ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు: సుఖం సరే, పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా?

ఫ్రిస్కో వాసి:

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాము. రెండేళ్ల క్రితం షెర్మన్ దగ్గర, ఇంటికి సుమారు 40 మైళ్ల దూరంలో అయిదెకరాల నేల కొని, బెండ, గోంగూర, సొర వేసుకుని శని, ఆదివారాలు అక్కడే గడుపుతున్నాము. ఇన్నాళ్లూ ఎరువుకూ కంచె గుంజలకూ స్నేహితుల ట్రక్కులు అడిగి తెచ్చుకున్నాను గానీ, ఎన్నిసార్లని అడుగుతాము? పైగా ఈ వసంతంలో ఒక చిన్న ట్రాక్టరు కొనే ఆలోచన ఉంది. ట్రైలరుతో కలిపి అది 4,500 పౌండ్ల దాకా తూగుతుంది. మిగిలిన అయిదు రోజులూ అదే బండిలో రానూపోనూ 50 మైళ్లు ఆఫీసుకు తిరగాలి.

ఎలక్ట్రిక్ పికప్ మీద మనసు పడింది. అయితే 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. అదే సంవత్సరం డిసెంబరులో ఫోర్డ్ సంస్థ తన ఎలక్ట్రిక్ పికప్ ఎఫ్-150 లైట్నింగ్ తయారీని ఇప్పటి రూపంలో ఆపేస్తున్నట్లు ప్రకటించింది. 2019లో 39,900 డాలర్లని చెప్పి చూపించిన టెస్లా సైబర్‌ట్రక్ 2023 చివరలో కొన్నవారి చేతికి వచ్చేసరికి ఆ ధర కనుచూపు మేరలో లేదు. కొత్త రివియన్ ఆర్1టీ మా బడ్జెట్‌కు అందదు. కానీ మూడేళ్ల క్రితం 70 వేలకు అమ్ముడైన లైట్నింగ్‌లు మా చుట్టుపక్కల ప్రకటనల్లో 40 వేలకు అటూ ఇటూగా కనిపిస్తున్నాయి. ధర ఇంతగా పడిపోవడం చూస్తే ఆశ ఎంత పుడుతోందో అనుమానమూ అంతే పుడుతోంది.

మరొక సంగతి. మే నెలలో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ట్రక్కు ఎక్కి దిగడం, వెనక సీటులో గంటసేపు కూర్చోవడం ఆమె వల్ల అవుతుందా? వాడుతున్నవారు అనుభవంతో చెప్పగలరు.

కమానుకట్ట:

నేను మూడేళ్లుగా లైట్నింగ్ నడుపుతున్నాను. అంతకుముందు పదేళ్లు పెట్రోలు ట్రక్కే నడిపాను కనుక రెండింటికీ పోలిక చెప్పగలను. పెట్రోలు ఎఫ్-150కి వెనక ఇరుసు కింద ఉండేవి, మన లారీవాళ్లు కమాను కట్టలనే లీఫ్ స్ప్రింగులు. బెడ్‌లో, అంటే వెనక సామాను వేసే తొట్టిలో, బరువుంటే అవి నెమ్మదిగానే ఉంటాయి గానీ, ఖాళీగా వెళ్తే ప్రతి గతుకుకూ వెనక భాగం ఎగిరిపడుతుంది. లైట్నింగ్‌లో వెనక చక్రాలు రెండూ విడివిడిగా కదిలే సస్పెన్షన్ పెట్టారు. దానికి తోడు బ్యాటరీ బరువంతా నేలకు దగ్గరగా ఉండడంతో, మట్టిరోడ్డు మీద కూడా వెనక కూర్చున్నవారి చేతిలోని టీ ఒలకదు. ఇంజను చప్పుడు లేదు కనుక గాలి, టైర్ల హోరు మాత్రం కాస్త స్పష్టంగానే వినిపిస్తాయి.

బానెట్ తెరిస్తే ఇంజను ఉండవలసిన చోట 400 లీటర్ల డిక్కీ ఉంటుంది. దాని అడుగున నీరు పోయే బిరడా కూడా ఉండడంతో మేము చేపలు తెచ్చిన రోజున పైపు పెట్టి కడిగేస్తాము. బెడ్‌లో గత్తం, ముందు డిక్కీలో కూరగాయలు, లోపల మనుషులు. ఒకదాని వాసన ఇంకొకదానికి అంటదు. అమ్మగారు వెనక కూర్చుని రావడానికి ఏ ఇబ్బందీ ఉండదు, ఎందుకంటే కాళ్లు చాపుకోవడానికి 43.6 అంగుళాల చోటుంది. రివియన్‌లో అది 36.6 అంగుళాలే. ఎక్కడం దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. రివియన్‌కు గాలి సస్పెన్షన్ ఉండి ఆగినప్పుడు బండి కిందికి వంగుతుంది, లైట్నింగ్ వంగదు. పక్కన మెట్టుపట్టీ ఉన్న బండినే చూడండి, లేకపోతే తప్పనిసరిగా వేయించండి.

బరువు విషయంలో ఒక హెచ్చరిక. 10,000 పౌండ్లు లాగుతుందన్న మాట చూసి బెడ్‌లోనూ ఎంతైనా వేయవచ్చని అనుకోకండి. పెద్ద బ్యాటరీ ఉన్న బండి తన బరువే ఎక్కువ మోసుకుంటుంది కనుక, సామాను మోసే శక్తి చిన్న బ్యాటరీ బండికన్నా తక్కువ. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద పసుపు రంగు స్టిక్కరు కనిపిస్తుంది, మనుషులతో కలిపి ఎంత వేయవచ్చో దాని మీద రాసి ఉంటుంది. ఒక క్యూబిక్ యార్డు తడి మట్టి టన్నుకు పైగానే తూగుతుంది. ఒక్క బకెట్టు లోడరుతో పోయించుకుంటే చాలు, ఆ అంకె దాటిపోవచ్చు.

లెక్కలపుస్తకం:

సుఖం గురించి పైవారు చెప్పారు, నేను డబ్బు సంగతికే పరిమితమవుతాను. పెద్ద బ్యాటరీ లైట్నింగ్‌కు ఛార్జింగులో పోయేదానితో కలిపి 100 మైళ్లకు సుమారు 48 యూనిట్ల కరెంటు పడుతుంది. మా ఇంట్లో యూనిటు 13 సెంట్లు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 750 డాలర్లవుతుంది. గ్యాలనుకు 20 మైళ్లిచ్చే పెట్రోలు ట్రక్కుకు, గ్యాలను 2.80 చొప్పున, 1,680 డాలర్లు. తేడా 930. ఇందులోంచి టెక్సాస్ ప్రభుత్వం 2023 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్ల మీద ఏటా వేస్తున్న 200 డాలర్ల రుసుము తీసేయండి (కొత్త బండి కొంటే మొదట ఒకేసారి 400 కట్టించుకుంటారు). రాష్ట్ర పెట్రోలు పన్ను గ్యాలనుకు 20 సెంట్లే కనుక అదే దూరానికి పెట్రోలు ట్రక్కువాడు కట్టేది 120 డాలర్లు, మనం కట్టేది 200. ఇదేం న్యాయమో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

మొత్తం మీద ఏడాదికి మిగిలేది 700 పైచిలుకు, ఆయిలు మార్పిడి ఖర్చులు తప్పినవి దీనికి అదనం. ఆ ఆదాతో కొత్త బండి ధరలో తేడాను పూడ్చుకోవాలంటే పదేళ్లు చాలవు. వాడిన బండి అయితే కథ వేరు, ఎందుకంటే పడవలసిన ధరంతా మొదటి యజమాని నెత్తిన పడిపోయింది. బ్యాటరీకి ఫోర్డ్ ఇచ్చే వారంటీ 8 సంవత్సరాలు లేదా లక్ష మైళ్లు. మూడేళ్ల బండిలో దానిలో సగానికి పైగా మీకే మిగులుతుంది.

ఇదంతా ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేవారి లెక్క. దారిలోని ఫాస్ట్ ఛార్జర్లలో యూనిటుకు 50 సెంట్లు పెడితే మైలుకు 24 సెంట్లవుతుంది, అదే పెట్రోలు ట్రక్కుకు 14 సెంట్లు.

పాతట్రైలరు:

నేను ఒక ఎలక్ట్రిక్ ట్రక్కు కొని, పద్నాలుగు నెలలు వాడి అమ్మేసినవాడిని. ఏ కంపెనీ బండి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎందుకంటే నాకు ఎదురైన ఇబ్బంది వాటన్నిటికీ ఉన్నదే. మాకు నిలువెత్తు క్యాంపరు ట్రైలరు ఉంది. జూలైలో దాన్ని తగిలించుకుని ఓక్లహోమాలోని బ్రోకెన్ బోకు బయలుదేరితే, 300 మైళ్లు పోవలసిన బండి 130 మైళ్లకే ఛార్జింగ్ అడిగింది. ఛార్జరు ఉన్న చోట బండి ముక్కు లోపలికి పెట్టి నిలపాలి, వెనక ట్రైలరుంటే అది దారికి అడ్డం. అందుకని ఆ ఎండలో గొలుసులు విప్పి, జాకీ తిప్పి, ట్రైలరును పక్కన వదిలి, ఛార్జింగ్ పెట్టి, గంట తరువాత మళ్లీ అంతా తగిలించాను. పిల్లలు కాలిబాట అంచున కూర్చుని పులిహోర తిన్నారు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే తంతు. ఇంటికి వచ్చాక మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, మరుసటి వారమే పెట్రోలు హైబ్రిడ్ ట్రక్కుల ధరలు చూడడం మొదలుపెట్టాను.

అయితే ఫ్రిస్కో వాసి గారూ, మీ అవసరం నాలాంటిది కాదు. హైవే వేగంలో ఛార్జింగును తినేది బరువుకన్నా గాలి అడ్డు. మీది తెరిచి ఉండే పల్లపు ట్రైలరు, దాని మీద చిన్న ట్రాక్టరు. అంత ఎత్తున గాలికి అడ్డం పడే గోడ ఏదీ అక్కడ లేదు. పోనీ నాలాగే సగానికి సగం తగ్గిందనుకున్నా, పెద్ద బ్యాటరీకి 320 మైళ్లలో 160 మిగులుతాయి. మీ పొలానికి పోయి రావడం 80 మైళ్లు. దారిలో ఎక్కడా ఆగే పనే లేదు. చిన్న బ్యాటరీ బండి జోలికి మాత్రం వెళ్లకండి.

బేటౌన్ బావ:

2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా ఇంట్లో మూడు రోజులు లేదు. మా లైట్నింగ్ బెడ్ పక్కనున్న ప్లగ్గుల నుంచి తీగలు లాగి ఫ్రిజ్, ఫ్యాన్లు, రైస్ కుక్కరు, ఒక గదిలో చిన్న ఏసీ నడుపుకున్నాము. లైట్నింగ్‌లో ఈ ఏర్పాటు 9.6 కిలోవాట్ల వరకు ఇచ్చేవి ఉన్నాయి, అన్ని రకాల్లోనూ అంత రాదు కనుక కొనేముందు అడగండి. రోజుకు దాదాపు 35 యూనిట్లు వాడాము, నాలుగో రోజు పొద్దుటికి బ్యాటరీలో అయిదో వంతు ఇంకా ఉంది. మామగారి ఇన్సులిన్ చెడిపోలేదు. ఇంటికి జనరేటరు పెట్టించడానికి అంతకుముందు నేను అడిగిన ధర పది వేల డాలర్ల పైమాట. లెక్కలపుస్తకం గారి లెక్కలో ఈ పద్దు రాలేదని గుర్తుచేస్తున్నాను.

ఫ్రిస్కో వాసి:

అందరికీ ధన్యవాదాలు. నిన్న మెకిన్నీలో పెద్ద బ్యాటరీ ఉన్న ఒక 2022 లైట్నింగ్‌ను చూసి వచ్చాము. స్టిక్కరు మీద 1,800 పౌండ్లకు కొంచెం పైన ఉంది, కనుక మట్టి రెండు విడతలుగా తెచ్చుకుంటాము. వీడియో కాల్‌లో మెట్టుపట్టీ చూపిస్తే అమ్మ, "దానికన్నా కింద ఒక పీట వెయ్యరా, నేనే ఎక్కుతాను" అన్నది. అమ్మేవారు 41 వేలు చెప్పారు, నేను 38 వేలన్నాను. వీధిలో బండి కదలకుండా నిలబడి ఉన్నా రోజుకు ఎంత ఛార్జింగు తగ్గుతుందో ఎవరైనా గమనించి ఉంటే చెప్పండి, శుక్రవారం మళ్లీ వెళ్తున్నాను.