సమస్య: పండు బొమ్మ గీసి బందియయ్యె

నిర్వాహకుడు (కర్నూలు): ఈ వారం నన్ను కితకితలు పెట్టిన పాదమిది, దీన్నే చివరి పాదంగా పద్యం పూరించండి. ఎగతాళి, దాని మీద పాలకుడి ఉడుకుమోత్తనం, ఈ చుట్టుపక్కలే తిరగండి. ఇప్పటి పార్టీల గొడవ వద్దు. పోయిన వారం లాగా వ్యాఖ్యలు పద్యాల కంటే పొడుగైతే కత్తిరిస్తా.

పెన్నాగట్టు:

నాల్గు పటములందు నరపాలు మోమెల్ల
బేరి రూపు దాల్చి పేరు వడియె
కోర్టులోనె చూపి కొంటెగా ఫిలిపోను
పండు బొమ్మ గీసి బందియయ్యె

ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ ముఖాన్ని వ్యంగ్య చిత్రకారుడు షార్ల్ ఫిలిపోన్ బేరిపండు చేసిన కథ.

కడప గడప: ధార బాగుంది సామీ. ‘పేరు వడియె’ మాత్రం యతి కోసం అతికిన ముక్క. అదీ వదిలేద్దాం, అసలు చరిత్రే తిరగబడింది. 1831 నవంబరు 14న ఫిలిపోన్ బోనెక్కింది బేరిపండుకు కాదు. రాజును తాపీమేస్త్రీగా చూపి, తనను గద్దెనెక్కించిన 1830 జులై విప్లవం నాటి వాగ్దానాల మీద పూత పూసేస్తున్నట్టు వేసిన బొమ్మకు. పండు పుట్టిందే ఆ విచారణలో, తన వాదనకు సాక్ష్యంగా. మొదటి బొమ్మ రాజు పోలిక. రెండోది మొదటిదాని పోలిక, మూడోది రెండోదాని పోలిక. నాలుగోది అచ్చంగా పండు. పోలికే నేరమైతే ఏ బొమ్మ దగ్గర ఆగుతారు, ఊళ్లోని పండ్లన్నీ పట్టుకుంటారా అని వాదించినాడు. ఆరు నెలల జైలు, 2000 ఫ్రాంకుల జరిమానా తప్పలేదు. నా పూరణ:

తాపి పట్టు రాజు తప్పుగా దోచగా
కేసు పెట్టినారు గీతకాని
పైన; తీర్పు నాడు వాదనల్ సేయుచు
పండు బొమ్మ గీసి బందియయ్యె

పెన్నాగట్టు: చరిత్ర సరే అన్నా, మూడో పాదంలో ‘పై’కి ‘వా’ యతా? శివరాత్రి సమస్యలో నేను ఇట్లాంటిదే వేస్తే మూడు రోజులు ఉతికి ఆరేసింది ఎవరప్పా?

నిర్వాహకుడు: పఫబభలకు వకారం చెల్లుతుంది. శివరాత్రి నాడు మీరు వేసింది మకారం, అది వేరే కేసు. గడపగారి పూరణలో నాకు నచ్చింది ‘గీసి’ని వాడిన తీరు. గీసినందుకు బంది కాలేదు, గీసి ఆ తర్వాత బంది అయినాడు. సమస్యలోని అబద్ధం దానంతటదే విడిపోయింది.

బురుజు నీడ (కర్నూలు): ఫ్రాన్సు దాకా ఎందుకు, మన కోటగోడ చాలు.

నల్ల రంగు పూసి నడివయసను రేని
కోట గోడ మీద కొంటెవాడు
సున్నమద్ది రాత్రి చూడచక్కని తల
పండు బొమ్మ గీసి బందియయ్యె

కడప గడప: తల/పండు విరుపు అదిరింది. తెల్ల వెంట్రుకలకు సున్నం అద్దడం ఇంకా బాగుంది. కానీ తల ‘పండిన’ బొమ్మ కావాలి కదా, ‘పండు’ అంటే ఇంకా పండబోయే తల అవుతుంది.

బురుజు నీడ: ఇక్కడ ‘పండు’ తద్ధర్మం, అంటే స్వభావం చెప్పే క్రియారూపం. దానికి కాలం లేదు సామీ. రంగు కరిగిపోతే ఎప్పుడైనా పండే తలే.

చీనీతోట (అనంతపురం): పారిస్‌లో పిల్లలు గోడల మీద బేరిపండ్లు గీసేవాళ్లు. ఆ లెక్కన బురుజుగారి గోడ కూడా పారిస్‌దే! నేను అచ్చుకు ముందే బొమ్మకు అనుమతి అడిగిన ఫ్రాన్సు 1835 సెప్టెంబరు చట్టం మీద రాసినా:

ముందు చూపి బొమ్మ ముద్ర వేయించక
అచ్చు కుదరదనుచు చట్టమొచ్చె
మాట కడ్డులేదు, మసిబొమ్మకే భీతి
పండు బొమ్మ గీసి బందియయ్యె

పెన్నాగట్టు: రెండో పాదంలో అ–చ యతి చెల్లదు! ప్రాసయతి కూడా కాదు. ‘అచ్చు కుదరదన్న యాజ్ఞ కతన’ అంటే సరిపోతుంది. మూడో పాదం మాత్రం ఈ చర్చాదారంలోకెల్లా గట్టిది. 1830 రాజ్యాంగపత్రం సెన్సారు మళ్లీ రాదని మాటిచ్చింది. అది అభిప్రాయాలకే గానీ బొమ్మకు కాదు, బొమ్మంటే మాట కాదు, చేసే పని కిందికి వస్తుందని ప్రభుత్వం సందు వెతుక్కుంది. అక్షరం ముందుగా చూపనక్కర్లేదు, బొమ్మ చూపి తీరాలి. దానికి తోడు పారిస్ దినపత్రికలు సర్కారుకు కట్టాల్సిన పూచీకత్తు లక్ష ఫ్రాంకులైంది.

కడప గడప: అందుకే నాలుగో పాదం నిలవదు. ముందే ముద్ర అడిగే చోట బందీ ఎందుకు? బొమ్మ బయటికే రాదు. కేసు పెడితేనే పాలకుడికి తంటా. బోను వేదికవుతుంది, తీర్పు కూడా ఎగతాళికి పనికొస్తుంది. 1834 ఫిబ్రవరిలో కోర్టు తన తీర్పు అచ్చేయమంటే, ఫిలిపోన్ పత్రిక ఆ అక్షరాలనే బేరిపండు ఆకారంలో పేర్చింది. టర్కీలోనూ అంతే. అధ్యక్షుడి ఫోటోల పక్కన ఒక సినిమా పాత్రను పెట్టినందుకు ఒక డాక్టరు మీద కేసు నడిస్తే, ఆ పాత్ర మంచిదా చెడ్డదా తేల్చమని 2015లో జడ్జి నిపుణులను వేసినాడు. పోలికను కొలవబోయిన కోర్టే నవ్వులపాలైంది. ఈ సంగతి తెలిసిన పాలకుడు జైలు కంటే ముద్రనే నమ్ముకుంటాడు.

బురుజు నీడ: ముద్ర కూడా జారుతుంది అన్నా. ఎమర్జెన్సీలో ముందస్తు సెన్సారు ఉండగానే, 1975 డిసెంబరులో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో నుంచే ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడుతున్నట్టు కార్టూనిస్టు అబూ గీసిన బొమ్మ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. మాటొచ్చింది కాబట్టి, పోయిన నెల పెన్నాగట్టుగారు కార్టూనిస్టు శంకర్ నడిపిన శంకర్స్ వీక్లీ పత్రికను ‘సెన్సారు చంపె’ అన్నారే? 1975 ఆగస్టులో దాన్ని మూసింది శంకరే.

పెన్నాగట్టు: పద్యంలో కారణం అన్నా, చంపిన చేయి అనలేదు.

బురుజు నీడ: ‘చంపె’ అంటే చేయి కాక కాలా?

నిర్వాహకుడు: ఆ దారానికి తాళం వేసినా, మళ్లీ తెరవద్దు. చీనీతోటగారూ, సవరణ?

చీనీతోట:

ముందు చూపి బొమ్మ ముద్ర వేయించక
అచ్చు కుదరదన్న యాజ్ఞ కతన
జైలు వెలితియయ్యె, చట్టానికిన్ ముందు
పండు బొమ్మ గీసి బందియయ్యె

కడప గడప: జైలు ఖాళీ కావడం మెచ్చినా. ‘చట్టానికిన్’ దగ్గర ఆ నకారపు పొల్లు గణం కోసం తొడిగిన చెప్పు. అంతకంటే ముఖ్యం, బంది అయింది ఎవరు? కర్త యాడ పోయినాడు సామీ?

చీనీతోట: ముద్ర పడలేదు, బయటికి రాలేదు.