తొట్టెల ఎప్పుడు దించాలి? "బోర్లా పడితే బొబ్బట్లు" అనే మాటలోనే ఉంది

నిన్న మిర్యాలగూడ చెల్లె ఒకామె అడిగింది, పసిపిల్లను పండుకోబెట్టే బుట్టలాంటి చిన్న మంచం, అదే బాసినెట్‌కు మన దిక్కు ఏం మాట ఉంది, పిల్ల అందులో పట్టకుండా పెరిగినాక పగటిపూట పండుకోబెట్టే జాగను ఏమంటారు అని. ఆమె ప్రశ్న కింద చాలామంది ఉయ్యాల, ఊయల అని రాశారు. తప్పేం కాదు. కానీ మన నల్గొండ, పాలమూరు ఇండ్లలో ఉయ్యాల అనే మాట ఎక్కువగా బతుకమ్మ పాటలోనే వినిపిస్తుంది, పాదం పాదానికీ చివర "ఉయ్యాలో" అని. ఇంట్లో దూలానికి చీరతో కట్టేది మాత్రం తొట్టెల. 21వ రోజు పిల్లకు పేరు పెట్టే పండుగ కూడా తొట్టెలే. బోనాలప్పుడు రంగు కాగితాలు అతికించి అమ్మవారికి ఇచ్చేది కూడా తొట్టెలే. కన్నడంలో తొట్టిలు, తమిళంలో తొట్టిల్ అంటారు కాబట్టి ఇదేదో పల్లె యాస అనుకుని సిగ్గుపడాల్సిన పని లేదు, చాలా పాత మాట. బాసినెట్‌ను ధైర్యంగా తొట్టెల అనండి.

ఇక అసలు సంగతి. తొట్టెలను ఎన్నో నెలలో దించాలో మన వాళ్లు లెక్క చెప్పలేదు గానీ గుర్తు చెప్పారు. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. మా ఇంట్లో బొబ్బట్లను భక్షాలంటారు, అది వేరే ముచ్చట. "బోర విరుచుకుని నడిచిండు" అంటాం కదా, ఆ బోర అంటే రొమ్ము, అది నేలకు ఆనితే బోర్లా. ఎక్కువమంది పిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బోర్లా పడతారు. బాసినెట్ మీద బరువు ఇంత దాటొద్దని రాసి ఉంటుంది, కానీ చాలా ఇండ్లలో ఆ బరువు రాకముందే పిల్ల బోర్లా పడుతుంది, చేతులు ఆనించి రొమ్ము పైకి లేపుతుంది. దాని గోడలు పొట్టివి, అంచు పట్టుకుని ఒరిగితే పిల్ల కింద పడొచ్చు, లేదా మెత్తటి పక్క గుడ్డకు ముఖం ఆని ఊపిరాడకపోవచ్చు. అందుకే నా మాట ఒక్కటే, భక్షాలు చేసిన రోజే తొట్టెల కూడా దించండి. బట్టలో గట్టిగా చుట్టి పండుకోబెట్టే అలవాటు ఉంటే అది ఇంకా ముందే, ఒక పక్కకు ఒరగడం మొదలు పెట్టగానే మానాలి, చేతులు కట్టేసి ఉన్న పిల్ల బోర్లా పడితే తిరిగి లేవలేదు.

కొల్లాపూర్ అన్న: మనమందరం చీర తొట్టెలలో పెరిగినోళ్లమే కదా, ఏమైంది మనకు?

అన్నా, మీ బాధ అర్థమైంది, నాకూ తొట్టెల అంటే ప్రాణమే. ఏడుపు ఆపడానికి, జోకొట్టడానికి, పక్కన మనిషి కూర్చుని ఊపినంతసేపు ఊపండి. కానీ చీర గుంతలో పడుకున్న పిల్లకు గదవ, అంటే గడ్డం, వంగి రొమ్ముకు తగులుతుంది, పసిపిల్ల గొంతు సన్నది కాబట్టి గాలి దారి అక్కడే ముడుచుకుంటుంది. నిద్ర పట్టినాక తీసి సమంగా ఉన్న చోట ఎల్లెలుకల, అంటే వెల్లకిలా, పండుకోబెట్టాలి. 1994లో అమెరికాలో పిల్లలను వెల్లకిలా పండుకోబెట్టండని దేశమంతా ప్రచారం మొదలైనాక, కొన్నేళ్లలోనే నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. కారు సీటు, పిల్లను ఒరిగి కూర్చోబెట్టి ఊపే బౌన్సర్ సంగతి కూడా ఇంతే, రోజూ నిద్రపుచ్చే జాగలు కావు అవి.

నకిరేకల్ అక్క: మరి ఎక్కడ వేయాలె? క్రిబ్, అదే చుట్టూ కటకటాలుండే పిల్లల మంచం, కొనే స్తోమత అందరికీ ఉండదు కదా.

కొనక్కర్లేదక్కా. బొంత అనే మాట మనకు ఉన్నదే ఇందుకు. షాబాదు బండల మీద చాప, దాని మీద పాత చీరలతో కుట్టిన పలచటి బొంత, ముడత లేకుండా గట్టిగా లాగి పరచాలి. అరచేత్తో నొక్కితే చెయ్యి దిగబడొద్దు. నులక మంచం మాత్రం వద్దు, నడుమ గుంత పడి ఉంటుంది. పెద్దవాళ్ల స్పాంజి పరుపు అంతకన్నా వద్దు, గోడకూ పరుపుకూ మధ్య సందులో పిల్ల ఇరుక్కుంటుంది. ఊళ్లో చీమలు, తేళ్ల భయం ఉన్నవాళ్లు గొడుగు దోమతెర వేయండి, కానీ దాంతో వచ్చే చిన్న దిండు తీసేయండి. క్రిబ్ కొనగలిగితే మంచిదే, కటకటాల సందు 6 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. పగలైనా రాత్రయినా ఆరు నెలల దాకా పెద్దవాళ్లు ఉన్న గదిలోనే పండుకోవడం మంచిది. ఎండాకాలంలో మన నల్గొండ ఎండ తెలిసిందే, గాలి ఆడే గదిలో పలచటి నూలు అంగీ ఒక్కటే చాలు, పైన దుప్పటి అక్కర్లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట ఉంటే ఉక్కపోస్తున్నట్టు.

వనపర్తి చెల్లె: మా అత్తమ్మ ఆవాల దిండు పెట్టకపోతే తల సొట్ట పోతదంటది అక్కా, రోజూ ఇదే టెన్షన్.

అత్తమ్మకు ఇట్ల చెప్పు చెల్లె. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, నువ్వు ముందు కూర్చుని ఆడించేటప్పుడు, రోజుకు కొన్నిసార్లు బోర్లా వేయాలి. మెడకు బలం కూడా వస్తుంది. ఏడాది నిండే దాకా నిద్రలో దిండు ఏదీ వద్దు, ఆవాలదైనా దూదిదైనా. బోర్లా వేయడమంటే ఆమెకు ఇష్టమే ఉంటది, భక్షాలు చేయాల్సింది ఆమే కదా.

వెల్లకిలాను మా నల్గొండ దిక్కు ఎల్లెలుకల అంటాం. గద్వాల, అలంపూర్ వాళ్లు ఏమంటారో రాయండి, అక్కడ కన్నడం కలిసిన మాట ఏమన్నా ఉందేమో చూద్దాం.