షికాగో చలిలో రీపర్ మిరపకు నారు ఎప్పుడు పోయాలి?

నేపర్‌విల్ నుంచి, జనవరి మొదటి వారం

అందరికీ నమస్కారం. మేము మొన్న నవంబరులో నరసరావుపేట నుంచి షికాగో శివారులోని నేపర్‌విల్‌కు వచ్చాము. రెండో అంతస్తులో ఇల్లు, దక్షిణం వైపు పెద్ద కిటికీ, చిన్న బాల్కనీ ఉన్నాయి. మా నాన్నగారు తేజ మిరప వేస్తారు కనుక పంట సంగతి కొంత తెలుసు గానీ, కుండీలో పెంచిన అనుభవం లేదు. కరోలినా రీపర్ వంటి బాగా ఘాటైన రకాన్ని గింజ నుంచి పెంచాలని ఉంది. మా వైపు జులై, ఆగస్టుల్లో నారు పోసి, నెలా పదిహేను రోజులకు నాటుతారు. ఇక్కడ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడం లేదు. మార్చిలో అమ్మానాన్నలు వస్తున్నారు. వారి చేత కొన్ని తేజ గింజలు కూడా తెప్పించుకోవచ్చా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

అరోరా నుంచి జవాబు

తమ్ముడూ, జులై లెక్కను పూర్తిగా పక్కన పెట్టండి. ఈ నెలాఖరులోగా మీ గింజ తడి మట్టిలో పడాలి. బయట మంచు కురుస్తుంటే నారు పోయడమేమిటని మీకు అనిపించవచ్చు గానీ, ఇక్కడ మిరప పెంపకంలో సగానికి పైగా పని చలికాలంలో ఇంటి లోపలే జరుగుతుంది.

కారణం చెబుతాను. మన సన్నం, తేజ, బ్యాడిగి అన్నీ ఒక జాతివి. రీపర్, భూత్ జొలోకియా, ట్రినిడాడ్ స్కార్పియన్ వంటివి హబనెరో చేరిన మరో జాతికి చెందినవి. ఈ రెండో జాతి అన్ని విషయాల్లోనూ నిదానం. మన మిరప వారం, పది రోజుల్లో మొలిస్తే, ఇది రెండు వారాల నుంచి ఆరు వారాల దాకా తీసుకుంటుంది. మొలిచాక కూడా మొదటి నెల కదలిక లేనట్టే ఉంటుంది. గింజ వేసిన నాటి నుంచి కాయ ఎర్రబడే దాకా ఆరు నెలలు సులువుగా పడుతుంది. మీకు బయట దొరికే వెచ్చని కాలమేమో జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా, అంటే నాలుగు నెలలే. ఇక్కడి తోటల వారు మే రెండో ఆదివారం వచ్చే మదర్స్ డే దాటితే కూరగాయ నారు బయట నాటుతారు. రీపర్‌కు అదీ తొందరే. రాత్రి ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 13 సెల్సియస్‌కు, తగ్గని రోజులు వచ్చే దాకా, సాధారణంగా జూన్ మొదటి వారం దాకా, దాన్ని లోపలే ఉంచాలి. బాల్కనీకి వెళ్లేది నారు కాదు, పూతకు దగ్గరపడిన మొక్క కావాలి. ఏప్రిల్‌లో గింజ వేసిన వారికి అక్టోబరు మంచు నాటికి చెట్టు నిండా పచ్చి కాయలే మిగులుతాయి.

ఇక గింజకు వేడి గురించి. పల్నాడులో జులై నేల దానంతటదే వెచ్చగా ఉంటుంది కనుక నారుమడికి వేడి చాలుతుందా అని ఎవరూ ఆలోచించరు. ఇక్కడ మీ ఇల్లు 68, 70 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఉంటుంది. కిటికీ గట్టు మీద ఇంకా తక్కువ. ఆ చల్లదనంలో రీపర్ గింజ మొలవకుండా వారాల తరబడి పడి ఉండి, చివరికి కుళ్లుతుంది. మట్టి 80 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 27 నుంచి 29 సెల్సియస్ ఉండాలి. అందుకని నారు ట్రే కింద పరిచే హీట్ మ్యాట్ ఒకటి, దానికి థర్మోస్టాట్ ఒకటి తప్పకుండా కొనండి; థర్మోస్టాట్ తీగ కొసను గాలిలో వదలకుండా మట్టిలో గుచ్చండి. ఈ సాగులో డబ్బు పెట్టవలసిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే. ఖరీదైన ఎరువుల కంటే ఇది ఎంతో ముఖ్యం.

గింజలను రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టి, నారు కోసం అమ్మే తేలికైన మట్టి మిశ్రమంలో పావు అంగుళం లోతున వేయండి. పెరటి మట్టి వాడవద్దు. పైన పారదర్శకమైన మూత పెట్టి, మట్టి తడిగా ఉండేలా, నీరు మాత్రం నిలవకుండా చూడండి. మూడు వారాలైనా ఏమీ కనబడలేదని తవ్వి చూడవద్దు.

మొలకలు వచ్చిన రోజున దగ్గరగా వంగి చూడండి. కాడ కొక్కెంలా వంగి మట్టిని చీల్చుకుని లేస్తుంది. ఒక్కోసారి గింజ తొక్క ఊడిపోకుండా రెండు బీజదళాల, అంటే మొలక తొలి ఆకుల, కొనలను పట్టుకుని అలాగే పైకి వస్తుంది, ఆకులు విచ్చుకోలేవు. అప్పుడు వేళ్లతో లాగితే మెడ తెగుతుంది. ఒక్క నీటి చుక్కను ఆ తొక్క మీద నిలబెట్టి, అరగంటకోసారి మళ్లీ తడిపి, సాయంత్రానికి మెత్తబడ్డాక రెండు పుల్లల మొనలతో నెమ్మదిగా విడదీయండి. చాలాసార్లు ఆ అవసరం లేకుండానే అదే జారిపోతుంది.

మొలక పైకి వచ్చిన వెంటనే మూత తీసేయాలి, లేకపోతే నారుకుళ్లు పట్టి కాడలు మట్టి దగ్గర సన్నబడి పడిపోతాయి. నీళ్లు పైనుంచి పోయకుండా ట్రే అడుగున పోసి, మట్టి పీల్చుకున్నాక మిగిలినవి వంచేయండి. ఫిబ్రవరిలో మీ దక్షిణపు కిటికీ వెలుతురు సరిపోదు. ఎల్‌ఈడీ గ్రో లైటును మొక్కలకు దగ్గరగా వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించి, రాత్రి ఆర్పేయండి. బీజదళాల తరువాత వచ్చే నిజమైన ఆకులు రెండు జతలు వచ్చాక చిన్న కుండీలోకి, అక్కడ వేరు నిండాక ఇంకా పెద్దదానిలోకి మార్చుకుంటూ, చివరికి అడుగున రంధ్రాలున్న 5 గ్యాలన్ల కుండీలో ఉంచండి. మీ బాల్కనీకి రెండు మొక్కలు చాలు.

షాంబర్గ్ నుంచి మరొక జవాబు

అక్కగారు రాసినదంతా నిజం. గింజల విషయం మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే ఇందులో కొత్తవారు తెలియక చిక్కుల్లో పడతారు.

మీ అమ్మానాన్నల చేత మిరప గింజలు తెప్పించవద్దు. మిరప, టమాటా గింజల ద్వారా వ్యాపించే ఒక వైరస్ కారణంగా 2019లో అమెరికా వ్యవసాయ శాఖ వీటి దిగుమతి మీద ప్రత్యేకమైన ఆంక్షలు పెట్టింది. తెగుళ్లు లేవని ప్రభుత్వం ఇచ్చే సస్యారోగ్య ధ్రువపత్రం లేని గింజలను విమానాశ్రయంలో తీసేసుకుంటారు. కస్టమ్స్ వారికి చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడవచ్చు. భాష సరిగా రాని పెద్దవారిని ఆ వరుసలో నిలబెట్టి ప్రశ్నలు వేయించడం భావ్యం కాదు. జ్వాల, భూత్ జొలోకియా వంటి మన దేశపు రకాల గింజలను ఇక్కడి విత్తన సంస్థలే అమ్ముతున్నాయి.

ఇండియన్ స్టోరులో దొరికే ఎండుమిర్చి గింజలు మొలుస్తాయా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఎండలో ఆరినవి, మరీ పాతబడనివి మొలవవచ్చు. ఎక్కువ వేడికో, క్రిములు చావడానికి చేసే శుద్ధికో గురైనవి మొలవవు. పది గింజలను తడి కాగితపు టవల్‌లో చుట్టి, జిప్ సంచిలో వేసి, ఆ హీట్ మ్యాట్ మీదే ఉంచితే తేలిపోతుంది. అయితే మార్కెట్టు మిర్చిలో చాలావరకు హైబ్రిడ్లు కనుక, వచ్చే మొక్క తల్లిని పోలి ఉంటుందన్న హామీ లేదు.

మరొక హెచ్చరిక. 2023లో అత్యంత ఘాటైన మిరపగా గిన్నిస్ రికార్డుకెక్కిన పెప్పర్ ఎక్స్ గింజలంటూ ఆన్‌లైన్‌లో కొందరు అమ్ముతుంటారు. దాన్ని, అంతకు ముందు రీపర్‌ను రూపొందించిన సౌత్ కరోలినా రైతు ఎడ్ కరీ ఆ గింజలను బయటికి ఇవ్వలేదు. ఆ పేరుతో డబ్బు పోగొట్టుకోవద్దు. రీపర్ సగటు ఘాటే 16 లక్షల స్కోవిల్ యూనిట్లు దాటుతుంది. గుంటూరు సన్నానికి సుమారు 40 రెట్లు. అంతకు మించి ఇంట్లో ఎవరికీ అవసరం ఉండదు.

నేపర్‌విల్ నుంచి, మార్చి చివర

అక్కగారికీ అన్నగారికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేశాను, మూడో వారంలో మొలకలు వచ్చాయి. ఇప్పుడు ఆరేసి ఆకులున్నాయి. కానీ లేత ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఇది మా ఊళ్లో పంటలను నాశనం చేసే బొబ్బర తెగులేమోనని భయంగా ఉంది. పీకేయమంటారా?

అరోరా నుంచి

పీకవద్దు తమ్ముడూ. బొబ్బర తెగులును మోసుకొచ్చేది తెల్లదోమ. మార్చి నెలలో, తలుపులు మూసిన ఇంట్లో, అది ఉండే అవకాశం చాలా తక్కువ. ఆకును తిప్పి, ఈనె పక్కన ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూడండి. ఆవగింజ కంటే చిన్నవిగా, లేత ఆకుపచ్చగా గుంపులుగా అంటుకుని ఉండి, కింది ఆకులు వేలికి జిగురుగా తగిలితే అది పేనుబంక. చలికాలంలో ఇంటి మొక్కలకు పట్టే పురుగుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. మొక్కను సింకులో పక్కకు వంచి, మట్టి పడిపోకుండా చేత్తో ఆపి, ఆకుల అడుగున గోరువెచ్చని నీటి ధార పట్టండి. తరువాత మొక్కల కోసం అమ్మే పురుగుల సబ్బు ద్రావణాన్ని నాలుగైదు రోజులకోసారి, రెండు మూడు వారాల పాటు, గ్రో లైటు ఆర్పాక చల్లండి. వేప నూనె చల్లి వెంటనే దీపం కింద పెడితే లేత ఆకులు మాడతాయి. జిగురు లేదు, పురుగు లేదు, ఆకు మాత్రమే పైకి దోనెలా ముడుచుకుంటోందంటే దీపం మరీ దగ్గరగా ఉండి ఉండవచ్చు. కొంచెం పైకి జరపండి.

జూన్‌లో బాల్కనీలో పెట్టే ముందు, మే చివర వారం, పది రోజులు ఎండకు అలవాటు చేయండి. మొదటి రోజు గంటసేపు నీడలో, ఆపై కొద్దికొద్దిగా ఎండలోకి జరపాలి. నేరుగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో ఆకులు తెల్లబారతాయి. జులైలో పగలు 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినప్పుడు పూత రాలితే కంగారుపడవద్దు, వేడి తగ్గాక మళ్లీ పూస్తుంది. ఆ రోజుల్లో నత్రజని ఎరువు పెంచితే ఆకే తప్ప కాయ ఉండదు.

కాయ చేతికొచ్చాక జాగ్రత్త మరీ ముఖ్యం. మామూలు మిరపలో ఘాటంతా లోపలి తెల్లటి భాగంలో ఉంటుంది, గింజలో కాదు. రీపర్ వంటి వాటిలో కాయ లోపలి గోడల మీద కూడా ఆ నూనె తిత్తులు ఏర్పడతాయని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వారు 2015లో చూపించారు. కోసి చూస్తే లోపల పసుపు నూనె మెరుస్తూ కనబడుతుంది. నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా కోయవద్దు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. చేతికి అంటితే నీళ్లతో పోదు. ముందు వంటనూనె రుద్ది, తరువాత గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. ఓవెన్‌లో ఎండబెడితే ఇల్లంతా కోరు వచ్చి పిల్లలు, పెద్దలు దగ్గలేక చస్తారు. డీహైడ్రేటర్‌ను బాల్కనీలో పెట్టుకుని ఎండబెట్టండి. పండుమిర్చి పచ్చడిలో కలపాలనుకుంటే కిలో మామూలు పండుమిర్చికి ఒక్క రీపర్‌తో మొదలుపెట్టి రుచి చూసుకోండి.

సెప్టెంబరు చివర రాత్రులు 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగకముందే మొక్కను కొమ్మలు కత్తిరించి, వేళ్లను కొంత తగ్గించి, పేనుబంక లేకుండా కడిగి, చిన్న కుండీలో లోపలికి తెచ్చుకోండి. మిరప బహువార్షికం, అంటే ఏళ్ల తరబడి బతికే మొక్క. చలికాలమంతా మట్టి పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడు కొద్దిగా నీరిస్తే చాలు, ఫిబ్రవరిలో చిగురిస్తుంది. ఆ మొక్క వచ్చే ఏడాది కొత్త నారు కంటే ఎంతో ముందుగా కాపుకొస్తుంది, జనవరిలో మళ్లీ గింజ వేయవలసిన పని ఉండదు.