పరలోక ప్రార్థనను ఇప్పటి తెలుగులోకి మార్చుకోవాలా?

సండే స్కూల్ టీచర్, ప్రొద్దుటూరు:

అందరికీ వందనాలు. మా సంఘంలో ఒక విషయం మీద మాటా మాటా పెరుగుతోంది. ఆదివారం ఆరాధనలో అందరం కలిసి చెప్పే, యేసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థనను ఇప్పటి తెలుగులోకి మార్చుకుందామని యౌవనస్థులు అడిగారు. ఇప్పుడు మేం చెప్పేది మత్తయి సువార్త ఆరో అధ్యాయం 9 నుంచి 13 వచనాల్లో ఉన్నదే. వాళ్లు రాసి తెచ్చింది ఇది:

"పరలోకంలో ఉన్న మా తండ్రీ, నీ పేరు పవిత్రంగా ఉండాలి. నీ రాజ్యం రావాలి. నీ ఇష్టం పరలోకంలో జరిగినట్టే భూమి మీద కూడా జరగాలి. ఈ రోజుకు కావలసిన ఆహారం మాకు ఇవ్వు. మాకు తప్పు చేసినవాళ్లను మేం క్షమించినట్టు మా తప్పులను క్షమించు. మమ్మల్ని పరీక్షలో పడనివ్వకుండా చెడు నుంచి కాపాడు."

పెద్దలు ససేమిరా అంటున్నారు. నేను యౌవనస్థుల పక్షం. నా క్లాసులో పిల్లలు పాత ప్రార్థనను గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతారు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" అన్న చోట ఆపి "ఋణస్థులంటే ఎవరు?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకడు "రోమీయులు, కొరింథీయుల్లాగా వాళ్లు కూడా ఒక ఊరివాళ్లా టీచర్?" అన్నాడు. నాకు చాలా బాధేసింది. ఊరికే మాటలు వల్లించొద్దని ఏడో వచనంలో చెప్పి, ఆ వెంటనే ప్రభువు నేర్పిన ప్రార్థన ఇది. దాన్నే మనం వల్లిస్తున్నాం. మీ అభిప్రాయాలు చెప్పండి.

విశ్వాసి, జమ్మలమడుగు:

టీచరమ్మా, పిల్లలకు అర్థం కావాలన్న మీ తపన మంచిదే. అర్థం కాకపోతే అర్థం చెప్పాలి. ప్రార్థనను మార్చడం ఎందుకు?

మా నాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నీళ్లు కావాలన్నా చెయ్యి చూపించాల్సిందే. మమ్మల్ని పేరు పెట్టి పిలవలేకపోయేవాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మేం "పరలోకమందున్న మా తండ్రీ" అనగానే ఆయన పెదాలు కదిలేవి. "అనుదినాహారము" దగ్గరికి వచ్చేసరికి గొంతు పెగిలేది. ముద్దముద్దగానే అయినా వరస తప్పకుండా చివరిదాకా చెప్పేవాడు. చదువు రాని మనిషి. చిన్నప్పుడు చెవిన పడి నేర్చుకున్న మాటలవి. ఆ మంచం దగ్గర మేం కొత్త మాటలు చెప్పుంటే మా నాయన మాతో కలవగలిగేవాడా? మన ఊళ్లలో ఇట్లాంటి పెద్దలు ఇంటికొకరు ఉన్నారు. వాళ్లను వదిలేసి చేసే మార్పు నాకు వద్దు.

విచారణ సభ్యురాలు, కడప:

నేను కతోలికురాలిని. విచారణ అంటే మా గుడి కిందికి వచ్చే సంఘం. మా పరలోక జపం మీ ప్రార్థనకు కొంచెం తేడాగానే ఉంటుంది. మీరు తండ్రిని "నీ నామము" అంటారు, మేం "మీ నామము" అంటాం. మీరు "అనుదినాహారము" అంటే మేం "అన్నము" అంటాం. ఐక్య క్రిస్మస్ సభల్లో అందరం కలిసి చెప్పినప్పుడు ఈ తేడా వినబడుతూనే ఉంటుంది. చివర్లో మీరు "రాజ్యము, బలము, మహిమ" అని కొనసాగిస్తారు. మేం అంతకుముందే ఆగిపోతాం. ప్రార్థన మాత్రం ఒక్కటే. కాబట్టి ఒక అక్షరం మారితే పాపమన్నట్టు ఎవరూ భయపడక్కర్లేదని నా ఉద్దేశం.

మా సభ ఈమధ్యే మార్పులు చేసింది కూడా. ఫ్రాన్సులో 2017 డిసెంబరు నుంచి "మమ్మల్ని శోధనలోకి (పాపానికి లాగే పరీక్షలోకి) తేవద్దు" అనే అర్థమిచ్చే పాత మాటను తీసేసి, "శోధనలోకి వెళ్లనివ్వకు" అనే అర్థం వచ్చేలా చెబుతున్నారు. ఆ నెలలోనే పోప్ ఫ్రాన్సిస్ కూడా పాత అనువాదం బాగాలేదని, తండ్రి బిడ్డను పడగొట్టడని అన్నారు. ఇటలీలో 2020 నవంబరు చివర్లో మార్చారు. మా తెలుగు జపంలో మాత్రం "శోధనయందు ప్రవేశింపనివ్వక" అనే చెప్పుకుంటున్నాం. అయితే ఒక మాట. అవన్నీ దేశం మొత్తానికీ బిషపులు కూర్చుని చేసిన మార్పులు. ఒక ఊరి యూత్ కమిటీ చేసినవి కావు.

యువకుడు, గుత్తి:

అక్కా, బిషపులు చేస్తే సరే, యౌవనస్థులు చేస్తే తప్పా? అసలు "మూల పాఠం" అని మనం పట్టుకున్నదేది? మత్తయిలో ఒక రూపం ఉంది, లూకా 11లో ఇంకా చిన్న రూపం ఉంది. ప్రభువు ఆ జనం మాట్లాడే అరమేయిక్‌లో నేర్పి ఉంటే, సువార్తికులు గ్రీకులో రాశారు. "రాజ్యము, బలము, మహిమ" అన్న ముగింపు మత్తయి అతి ప్రాచీన రాతప్రతుల్లో లేదు. ఆరాధనలో అలవాటై చేరిందని పండితులు చాలామంది అంటారు. గ్రీకులో ఉన్నది రొట్టె. మన తెలుగువాళ్లు రొట్టె అని రాయకుండా ఆహారం అన్నారు. అంటే మన జనం కోసం అప్పుడే మార్చేశారు కదా. 1812లో సెరంపూరులో తెలుగు సువార్తలు అచ్చు వేసినవాళ్లు గ్రీకును చూసి భయపడి ఆగిపోయి ఉంటే మన చేతికి బైబిలే వచ్చేది కాదు. వాళ్లకున్న స్వేచ్ఛ మనకెందుకు లేదు?

రైతు, కళ్యాణదుర్గం:

అందరూ పాతదా కొత్తదా అని వాదిస్తున్నారు. నన్ను కలవరపెట్టింది అది కాదు. టీచరమ్మ పెట్టిన కొత్త పాఠాన్ని మళ్లీ చదవండి. "ఋణములు" పోయి "తప్పులు" వచ్చాయి. భాష తేలిక చేస్తున్నామంటూ ప్రభువు పెట్టిన షరతునే తేలిక చేశారు.

మాది వేరుశనగ నేల. వాన రాకపోతే కాయ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. బ్యాంకులో బంగారం, అంగట్లో ఎరువుల బాకీ, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ. అప్పంటే ఏమిటో అనంతపురం జిల్లాలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. పిల్లలకు "ఋణస్థులు" అర్థం కాకపోతే "మాకు అప్పుపడ్డవాళ్లు" అనండి. క్షణంలో అర్థమవుతుంది. అప్పులవాడు గడప ముందు నిలబడితే ఇంట్లో అమ్మ మొహం ఎట్లా మారుతుందో వాళ్లు చూసే ఉంటారు.

"తప్పులు క్షమించాను" అనడం సులువు. మనసులో అనుకుంటే సరిపోతుంది, చేతి నుంచి ఏమీ పోదు. అప్పు మాఫీ చేయాలంటే నోటు చించాలి. మత్తయి 18లో ప్రభువు చెప్పిన కథ చూడండి. పదివేల తలాంతుల బాకీ (తలాంతంటే చాలా పెద్ద మొత్తం) మాఫీ చేయించుకున్నవాడు బయటికొచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేనారమంటే ఒక రోజు కూలి. అంటే వంద రోజుల కూలి డబ్బు. మన ఊళ్లో ఒక పేదింటి అప్పు అంతే ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 15లో ఏడేళ్లకోసారి అప్పులు విడిచిపెట్టమన్నాడు దేవుడు. ఈ ప్రార్థన వెనక అదంతా ఉంది.

నాకు తెలిసిన ఒక సంఘంలో ముందు వరసలో కూర్చునే పెద్ద ఒకాయన వడ్డీ వ్యాపారం చేస్తాడు. వెనక వరసలో ఆయనకు బాకీ ఉన్న విధవరాలు కూర్చుంటుంది. ఆదివారం ఇద్దరూ కలిసి ఒకే మాట చెబుతారు. ఆ మాట ఆయన చెవిలో పడుతూనే ఉండాలి. దాన్ని "తప్పులు"గా మార్చితే ఆయనకు ఇక ఏ ఇబ్బందీ ఉండదు. భాషను ఎంతైనా సులువు చేయండి, నాకు అభ్యంతరం లేదు. మనల్ని కష్టపెట్టే చోటును మాత్రం ముట్టుకోవద్దు.

సండే స్కూల్ టీచర్, ప్రొద్దుటూరు:

అన్నా, మీ మాట యౌవనస్థులకు చూపించాను. ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "అప్పులు" అని పెడితే, జనం ఇది డబ్బు గురించే అనుకుని తమ పాపాల సంగతి మరిచిపోరా? 14వ వచనంలో ప్రభువే "అపరాధములు" అన్నాడు కదా?

రైతు, కళ్యాణదుర్గం:

మంచి ప్రశ్నమ్మా. లూకాలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మాకు అచ్చియున్న, అంటే మాకు బాకీ ఉన్న ప్రతివానినీ క్షమిస్తున్నాం గనుక మా పాపాలు క్షమించుమని. దేవుడికి మనం పడ్డది పాపం బాకీ. తోటివాడు మనకు పడ్డదాంట్లో మాటా ఉంటుంది, డబ్బూ ఉంటుంది. రెండో సగాన్ని మాయం చేయకుండా ఉంటే చాలు.

పాస్టర్, నంద్యాల:

ఈ చర్చ మా సంఘంలోనూ జరిగింది. నాకు ఎక్కువ దిగులు కలిగించేది సమాధి కార్యక్రమం. ఒక మనిషి చనిపోతే సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్లు, కతోలిక బంధువులు అందరూ వస్తారు. పాటలు అందరికీ ఒకేలా రావు. ఆరాధన క్రమం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మా నంద్యాల ఆంగ్లికన్ సంఘాలు 1947లో సీఎస్ఐలో చేరలేదు, 1975లో గానీ కలవలేదు. అంత ఎడం ఉన్న రోజుల్లో కూడా గుంట దగ్గర నిలబడినప్పుడు పుస్తకం లేకుండా అందరి నోటా వచ్చింది ఈ ప్రార్థనే. అక్కడ ప్రతి సంఘమూ తన సొంత పాఠం మొదలుపెడితే రెండో వాక్యానికే గొంతులు చెదిరిపోతాయి. ఏడుస్తున్న ఆ ఇంటివాళ్లకు ఆ గొంతులే ఆసరా.

అందుకే మేం ఆరాధనలో పాతదే ఉంచాం. పిల్లలను సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ముందు జరిపే కన్ఫర్మేషన్ క్లాసులో మాత్రం పిల్లల చేతే ఒక్కొక్క వాక్యాన్ని వాళ్ల మాటల్లో రాయిస్తున్నాం. రాసిన తర్వాత పాతది చెబుతున్నప్పుడు వాళ్ల గొంతు వేరుగా ఉంటుంది. వేగం తగ్గుతుంది.

యువకుడు, గుత్తి:

పాస్టర్ గారూ, సమాధి దగ్గర కలిసి చెప్పడానికి పాతది ఉండాలంటే ఒప్పుకుంటాను. కానీ క్లాసులో రాసింది క్లాసులోనే ఆగిపోవాలంటే మాత్రం ఒప్పుకోలేను. గుడికి కొత్తగా వచ్చేవాళ్లున్నారు. చిన్నప్పటి నుంచి విన్నవాళ్లు కాదు. వాళ్లకు "పరిశుద్ధపరచబడు గాక" అన్నదే మొదటి గోడ. నెలలో ఒక ఆదివారమైనా వాళ్ల భాషలో చెబితే ఏం పోతుంది?

విశ్వాసి, జమ్మలమడుగు:

నెలకో ఆదివారం అన్న దాని మీద నేను పోట్లాడను తమ్ముడూ. ఆ రోజు పాతదాన్ని మానేయకుండా, రెండూ చెప్పించండి. ముసలివాళ్లు నోరు మూసుకుని కూర్చునే ఆదివారం ఒక్కటి కూడా ఉండకూడదు.

సండే స్కూల్ టీచర్, ప్రొద్దుటూరు:

బుధవారం ఉపవాస ప్రార్థన తర్వాత కమిటీ కూర్చుంటోంది. "తప్పులు" తీసేసి "మాకు అప్పుపడ్డవాళ్లను మేం విడిచిపెట్టినట్టు మా అప్పులు క్షమించు" అని యౌవనస్థులే మార్చి రాశారు. నెలకో ఆదివారం రెండు పాఠాలూ చెప్పాలన్నది కూడా పెద్దల ముందు పెడతాం.

రైతు, కళ్యాణదుర్గం:

సంతోషం తల్లీ. అదే మీటింగులో మీ సంఘంలో ఎవరు ఎవరికి వడ్డీకి ఇచ్చారో, కట్టలేనివాళ్లు ఎవరున్నారో ఆ మాట కూడా ఎత్తండి.