గ్రో రూమ్‌లో 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ ఉంచాలా, తీసేయాలా?

సీతమ్మధార_మొలకలు:
10×10 గదిలో లైట్ల కింద మైక్రోగ్రీన్స్ (లేతగా కోసే మొలకల ఆకుకూరలు). 5 ర్యాకులు, ర్యాకుకు 4 అరలు, అరకు 20 వాట్ల ఎల్‌ఈడీ బార్లు రెండేసి. మొత్తం 40 బార్లు, 800 వాట్లు, రోజుకు 16 గంటలు. అన్నీ మూడు పిన్నుల అల్యూమినియం బాడీవే. ర్యాకు ఫ్యాన్లూ ఆ లైనుమీదే, 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీది వేరే లైను. లైట్ల లైనుకున్న 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే లీకేజీ అని లైను కట్ చేసే స్విచ్) వానాకాలంలో రాత్రిళ్లు పడిపోతోంది. తీసేసి ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడే స్విచ్) ఒక్కటే ఉంచమంటున్నారు. బిల్లూ తగ్గాలి. ఏం చేయాలండీ?

ఉప్పుగాలి:
తీసేయండి. బీచ్‌కి దగ్గర్లో ఎవరింట్లోనైనా ఇదే గోల. రాత్రి పడిందంటే ఫ్యాన్లు ఆగిపోతాయి, ఈ తేమలో తెల్లారేసరికి ట్రేలకు బూజు. ర్యాకులకు గట్టి ఎర్తింగ్ ఇచ్చి సీ కర్వ్ (లైట్లు వేసిన క్షణపు కుదుపుకి పడని రకం) 16 ఆంపియర్ ఎంసీబీ పెట్టండి. చాలు.

గాజువాక_వైరింగ్:
చాలదు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. ఒంట్లోంచి 200 మిల్లీ ఆంపియర్లు పోతే ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ ఎంసీబీకి అది కనీసం కనబడదు.

పడిపోవడానికి అసలు కారణం చెప్తాను. ప్రతి ఎల్‌ఈడీ డ్రైవర్‌లోని (బార్‌కి సరిపడా కరెంటు ఇచ్చే సర్క్యూట్) ఫిల్టర్ కొద్దిగా కరెంటును ఎర్త్‌లోకి వదులుతుంది. బార్‌కి 0.5 వేసుకున్నా 40 బార్లకు 20 మిల్లీ ఆంపియర్లు. 30 రేటింగ్ ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, ప్రమాణం దానికి అంత వెసులుబాటు ఇచ్చింది. పైన కాస్త తేమ చేరితే పడకేం చేస్తుంది? లైన్‌ను మూడు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ కలిసినది) పెట్టండి, టైప్ ఏ రకం, అంటే ఎలక్ట్రానిక్ డ్రైవర్ల లీకేజీనీ పసిగట్టేది. ఒక్కోదానిమీద 7 మిల్లీ ఆంపియర్లే మిగులుతాయి. రేటింగ్‌లో 30 శాతం, అంటే 9 దాటకుండా చూసుకుంటే ఊరికే పడదు.

ఇంకోటి. లైట్లు వేసిన క్షణంలోనే పడుతుంటే తేమ కాదు, న్యూట్రల్ చూడండి. పక్క గది న్యూట్రల్ తెచ్చి కలిపే అలవాటు ఫ్లాట్లలో బాగా ఉంది. వెళ్లిన కరెంటు వేరే దారిన తిరిగొస్తే ఆర్‌సీసీబీ లీకేజీ అనే అనుకుంటుంది.

ఉప్పుగాలి:
ఎర్తింగ్ బాగుంటే ఇవన్నీ ఎందుకండీ? నా ప్రశ్నకు జవాబివ్వండి. కావాలంటే 100 మిల్లీ ఆంపియర్‌ది పెట్టుకోవచ్చు.

గాజువాక_వైరింగ్:
100ది మంటలు రాకుండా పెట్టేది, మనిషికి పనికిరాదు. ఇక ఎర్తింగ్. ఎర్త్ రెసిస్టెన్స్ 5 ఓమ్‌లు అనుకోండి, అది చెడ్డదేం కాదు. ఫేజు బార్ బాడీకి తగిలితే 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. సీ కర్వ్ 16 ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 కావాలి. 46 దగ్గర కొన్ని సెకన్లనుంచి నిమిషం దాకా పట్టొచ్చు. అంతసేపూ ఆ ర్యాకు ఇనుమంతా కరెంటే. తెగిన వైరును నేరుగా చేత్తో ముట్టుకున్నవాడికి ఎర్తింగ్ ఎలాగూ అక్కరకు రాదు.

మధురవాడ_లెక్క:
బిల్లు సంగతి ఎవరూ ఎత్తరేంటి? లైట్లు నెలకు 384 యూనిట్లు. ఇంటి వాడకం 200 ఉందనుకుంటే ఈ 384లో 25 యూనిట్లు 6 రూపాయల శ్లాబులో, 175 యూనిట్లు 8.75లో, మిగతా 184 యూనిట్లు 9.75లో పడతాయి. మొత్తం సుమారు 3,475 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు వేరే. ఏసీ యూనిట్లన్నీ 9.75కే.

లైట్ల 800 వాట్లూ చివరికి వేడే. దాన్ని బయటికి తోడడానికి ఏసీకి ఇంకో 230 వాట్ల దాకా కావాలి. 16 గంటలను 12కి తగ్గిస్తే రెండూ కలిపి రోజుకు 4.1 యూనిట్లు, నెలకు దాదాపు 1,200 మిగులు. విత్తనం వేశాక మొదటి మూడు నాలుగు రోజులు ట్రేలు చీకట్లోనే ఉంటాయి కదా, ఆ అరలకు లైటు ఎందుకు? అరకో స్విచ్ పెట్టండి. లైట్లను రాత్రి వెలిగించండి, బయట చల్లగా ఉంటే ఏసీ మీద భారం తక్కువ.

అమ్మకానికి పెంచుతుంటే గృహ మీటరు మీద నడపకండి. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు.

ఉప్పుగాలి:
మీరంతా కాగితం మీద లెక్కలేస్తున్నారు. ఒక్క రాత్రి 80 ట్రేలు పోతే ఆ నష్టం ఎవరు పెట్టుకుంటారు? వైరింగ్ చేసినవాడు ఫోనెత్తడు. ఆ ఆర్‌సీసీబీ పెట్టమన్నవాళ్లు వచ్చి కడతారా?

గాజువాక_వైరింగ్:
అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. మీ గదిలో నీళ్లు పట్టేది ఎవరు?

ఉప్పుగాలి:
పనమ్మాయి. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి.

గాజువాక_వైరింగ్:
అదీ మన గొడవ, ఇందాకట్నుంచి మాట్లాడని సంగతి. ఆ మనిషి తడిచేతుల్తో, తడి నేలమీద నిలబడి మీ ర్యాకులు పట్టుకుంటుంది. ఆర్‌సీసీబీ పడితే పోయేది మీ ట్రేలు. అది లేకపోతే పోయేది ఆమె ప్రాణం. తీసేయాలో లేదో ఆమెను అడిగారా?

ఉప్పుగాలి:
అంత మాట అనక్కర్లేదు. నేను ఎవర్నీ చంపాలనుకోలేదు. ఫ్యాన్లు ఆగకుండా దారి చూపించమనే అడుగుతున్నా.

గాజువాక_వైరింగ్:
చూపిస్తా. ఫ్యాన్లను లైట్లనుంచి విడదీసి వాటికి వేరే 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీబీవో ఇవ్వండి. లైట్లు పడినా ఫ్యాన్లు తిరుగుతాయి. సాకెట్లు ట్రేలకంటే ఎత్తులో ఉండాలి. తీగ సాకెట్‌కి కింద వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు కారిన నీళ్లు వంపు దగ్గరే చుక్కలుగా పడతాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో బోర్డు తగిలించొద్దు. వదులైన పిన్ను దగ్గర 0.5 ఓమ్ ఉండి 6 ఆంపియర్లు పోతే 18 వాట్ల వేడి ఆ ఒక్కచోటే. దాన్ని ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ పసిగట్టవు. లైట్లు వేసిన గంట తర్వాత ప్రతి ప్లగ్గూ చేత్తో చూడండి. ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది కాబట్టి టిన్ పూత లగ్గులే (వైరు చివర బిగించే బిళ్లలు) వాడండి. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, కానీ అది ఎర్తింగ్ బాగుందని చెప్పదు, దాన్ని విడిగా కొలవాలి.

లాసన్స్‌బే_లెట్యూస్:
ఆ ప్లగ్గు మాట నిజం. రంగు మారిన ప్లగ్గులుంటే వెంటనే పారేయండి.

సీతమ్మధార_మొలకలు:
లీకేజీ క్లాంప్ మీటరు తెచ్చి ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టి కొలిచాం. మొత్తం 23 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో బారూ తీస్తూ పోతే ఐదో ర్యాకు కింది అరలో ఒక్క బారే 6 చూపించింది, దాని ప్లగ్గు పై ట్రే కారే చోట ఉంది. అది తీశాక 17. మూడు ఆర్‌సీబీవోలు, ఫ్యాన్లకు నాలుగోది, రేపు బిగిస్తున్నారు.

ఉప్పుగాలి:
నాలుగోది బిగించాక వారం రోజుల్లో ఎన్నిసార్లు పడిందో రాయండి. పడకపోతే నేనూ మారుస్తా.