నీళ్లలోకి దిగేటప్పుడు కారు స్మార్ట్ కీ ఎక్కడ పెడుతున్నారు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈమధ్యే కయాకింగ్ మొదలుపెట్టాను. ఒక్కడినే వెళ్తాను, ఒడ్డున కనిపెట్టుకుని ఉండేవాళ్లెవరూ లేరు. పాత కారుకు మామూలు తాళంచెవి, దారం కట్టి మెడలో వేసుకునేవాణ్ని. కొత్తది బటన్ స్టార్ట్. కీ వెంట తీసుకెళ్తే తడుస్తుందని భయం, కార్లోనే వదిలేస్తే బీప్ బీప్‌మంటూ లాక్ కానంటుంది. మీరంతా ఏం చేస్తున్నారు?

జవాబు:
వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో వేసి లైఫ్ జాకెట్ జేబులో పెట్టుకుంటాను. పౌచ్ కొత్తగా కొన్నప్పుడు లోపల టిష్యూ పేపర్ పెట్టి అరగంట బకెట్లో ముంచి చూడండి. పేపర్ పొడిగా ఉంటేనే నమ్మండి.

జవాబు:
పడవలో కూర్చునేవాళ్లకు పౌచ్ సరిపోతుందేమో. నాది సర్ఫింగ్. అలల దెబ్బకు సీలు ఊడి కీ పాడైంది. పౌచ్ మీద నీళ్లు తట్టుకునే రేటింగ్ ఐపీ67 అని ఉంటే ధైర్యంగా కొన్నాను. ఆ పరీక్ష మీటరు లోతు నిలకడ నీళ్లలో అరగంట ఉంచి చేసేదట, అలల్లో కాదు! ఉప్పునీళ్లు తగిలితే వెంటనే కీలోని బ్యాటరీ సెల్ తీసేసి, మంచినీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. బియ్యంలో పాతిపెడితే ఉప్పెక్కడికీ పోదు.

జవాబు:
అసలు ఎలక్ట్రానిక్ కీని నీళ్లలోకి తీసుకెళ్లే అవసరమే లేదండి. మీ కీ అంచున చిన్న మీట ఉంటుంది, జరిపి చూడండి. చాలా కీలలో లోపల ఒక లోహపు తాళంచెవి దాగి ఉంటుంది. డ్రైవర్ డోర్ తెరవడానికి అది చాలు. దాన్ని మెడలో వేసుకోండి, మిగతాది కార్లో పెట్టండి.

అయితే కార్లో ఉన్న కీ నోరు మూయించాలి. కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో, చాలా వాటిలో 125 కిలోహెర్ట్జ్ దగ్గర, పిలుస్తుంది. కీ అది విని 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో బదులిస్తుంది. ఈ మాటామంతీ జరిగినంతసేపూ కారు లాక్ కాదు. సిగ్నల్ ఆపే ఫారడే పౌచ్‌లో పెట్టడం ఒక దారి. సెల్ తీసేయడం ఇంకా ఖాయమైన దారి. టయోటా కీలు చాలావాటిలో లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే కీ నిద్రపోతుంది. మీ కారు మాన్యువల్లో ఇలాంటిదేమైనా ఉందేమో చూడండి.

తాళంచెవి తిప్పితే కొన్ని కార్లలో డ్రైవర్ డోర్ ఒక్కటే లాక్ అవుతుంది. మిగతావి ముందే లోపలి నుంచి వేసేయండి. ఇదంతా పార్కింగ్‌లో నలుగురి ముందూ చేయకండి, చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు.

జవాబు:
ఒక్కమాట. కీ కార్లో ఉండగా బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. పాలసీ చదువుకోండి. నేనైతే నంబర్ తాళం ఉన్న చిన్న ఇనుప పెట్టెను కారు కింద టో హుక్‌కు (బండిని లాగడానికి తాడు కట్టే కొక్కెం) తగిలించి, కీని ఫారడే పౌచ్‌తో సహా అందులో పెడతాను. టైరు మీదా, పెట్రోల్ మూత వెనకా పెట్టకండి, దొంగలు మొదట చెయ్యిపెట్టేది అక్కడే.

జవాబు:
జాగ్వార్ ఎఫ్-పేస్‌కు చేతికి కట్టుకునే వాటర్‌ప్రూఫ్ బ్యాండ్ ఉండేది. బ్యాటరీ లేదు. డిక్కీ మీది పేరులో జె అక్షరం దగ్గర ఆనిస్తే కారు లాక్ అయ్యి, లోపలున్న కీలు పనిచేయవు. అన్నిటికీ ఇస్తే ఈ తంటాలే ఉండవు కదా!

అడిగినవారు:
ఇంటి దగ్గరే చేసి చూశాను. ఫారడే పౌచ్ బదులు కీకి అల్యూమినియం ఫాయిల్ ఒక చుట్టు చుడితే డోర్ తెరుచుకుంది. మూడు చుట్లు చుట్టినా ఒక మూల తెరిచి ఉంటే అంతే. చివరికి సెల్ తీసేశాను, చక్కగా లాక్ అయింది. కానీ తిరిగి తాళంచెవితో తెరిస్తే అలారం మోగి వీధంతా బయటికొచ్చింది! సెల్ లేని కీతో కారు స్టార్ట్ అవుతుందా?

జవాబు:
అవుతుంది. కీలోని ఇమ్మొబిలైజర్ చిప్‌కు (కారు తన కీని గుర్తుపట్టేది దీనితోనే) సెల్ అక్కర్లేదు, కారే దానికి కరెంటు అందిస్తుంది. చాలా కార్లలో కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కాలి, కొన్నిటిలో కప్ హోల్డర్ దగ్గర చోటు ఉంటుంది. కారు కీని గుర్తుపట్టగానే అలారం ఆగిపోతుంది. అందుకే కీని చేతికి వెంటనే అందేచోట దాచండి, డిక్కీ అడుగున కాదు.

అడిగినవారు:
గ్లవ్ బాక్స్‌లోకి మార్చాను. ఈసారి రెండు కూతలకే ఆగింది.