చిన్న మనిషికి పెద్ద కయాక్: ఫోమ్ పెట్టుకుంటే సరిపోతుందా, చిన్న పడవే కొనాలా?

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు. రెండేళ్లుగా అద్దె కయాక్‌లలో (కూర్చుని రెండు పక్కలా తెడ్డు వేసే సన్నటి పడవలు) తీరం వెంబడి తిరుగుతున్నాను. ఇప్పుడు సొంతంగా ఒక టూరింగ్ సీ కయాక్ కొనుక్కుని ఐదారు రోజుల ప్రయాణాలు చేయాలని ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. పొడవు 17 అడుగులు, వెడల్పు 56 సెంటీమీటర్లు, ఫైబర్‌గ్లాస్, బరువు 25 కిలోలు. కూర్చుంటే తుంటికి రెండు పక్కలా ఖాళీ మిగులుతోంది, తొడలు డెక్‌కి (పడవ పైకప్పుకు) ఆనడం లేదు. అమ్మే ఆయన "ఫోమ్ అంటించుకోండి, సామాను ఎక్కాక పడవ దానంతటదే కుదురుకుంటుంది" అంటున్నారు. నా స్నేహితురాలు మాత్రం తక్కువ వాల్యూమ్ (లోపలి చోటు) ఉన్న పడవ తప్ప ఇంకేదీ వద్దంటోంది. అందులో ఐదు రోజుల సామాను పడుతుందా అని నా టెన్షన్. మీరేమంటారు?

దూరప్రయాణం:
మీ స్నేహితురాలు ఒక పూట షికారు గురించి ఆలోచిస్తున్నట్టున్నారు. మీరు అడుగుతున్నది ఐదు రోజుల ప్రయాణం. మనిషి చిన్నగా ఉన్నంత మాత్రాన టెంట్ చిన్నదవదు, స్టవ్ చిన్నదవదు. మంచినీళ్లు రోజుకు నాలుగు లీటర్లు వేసుకున్నా ఐదు రోజులకు 20 కిలోలు. దానిపైన తిండి, స్లీపింగ్ బ్యాగ్, బట్టలు, మందుల పెట్టె. మొత్తం 35 కిలోలకు తక్కువ కాదు. అంత ఎక్కాక ఆ పడవ 85 కిలోల మనిషి ఖాళీగా వెళ్తున్నంత లోతుకు దిగుతుంది. అంటే దాన్ని తయారుచేసినవాళ్లు అనుకున్న లోతుకే వస్తుంది. చిన్న పడవైతే హ్యాచ్‌లలో (మూత ఉన్న సామాను అరలు) పట్టని సామాను డెక్ మీద కడతారు. ఆ మూట గాలిని పట్టుకుంటుంది, బరువు పైకి చేరి నిలకడ పోతుంది. నేను 58 కిలోలు. పదేళ్లుగా మామూలు సైజు పడవలోనే తిరుగుతున్నాను. తుంటి దగ్గర ఫోమ్ అంటించాను, ఫుట్‌పెగ్‌లు (పాదాలు ఆనించే మెట్లు) దగ్గరికి జరుపుకున్నాను. ఏ ఇబ్బందీ లేదు.

తెడ్డుపట్టు:
దూరప్రయాణం గారి బరువు లెక్క సరైనదే. కానీ అది పడవ నీళ్లలో ఎంత దిగుతుందో చెప్పే లెక్క. మనిషి పడవలో ఎలా కూర్చుంటారో చెప్పే లెక్క కాదు. ఎన్ని కిలోలు ఎక్కించినా ముందు డెక్ ఎత్తు ఒక్క సెంటీమీటర్ కూడా తగ్గదు.

పొట్టి నడుము ఉన్నవాళ్లు ఎత్తైన డెక్ వెనక కూర్చుంటే కాక్‌పిట్ (మనిషి కూర్చునే గుంత) అంచు పొట్ట పైదాకా వస్తుంది. చేతులు దానికి తగలకూడదని ప్రతి స్ట్రోక్‌కీ మోచేతులు పైకెత్తుతారు. పైగా పడవ వెడల్పు, కాబట్టి తెడ్డును పక్కకు చాపాలి. తెడ్డు పడవకి దూరంగా పడినకొద్దీ ముందు కొస అటూ ఇటూ ఊగుతుంది. అది చూసి ఎవరో ఒకరు "పొడుగు తెడ్డు తీసుకో" అని 230 సెంటీమీటర్లది చేతికిస్తారు. భుజాల మీద భారం ఇంకా పెరుగుతుంది. అదే ఇరుకు పడవలో, 205 లేదా 210 తెడ్డుతో, పడవ పక్కనుంచే లాగగలరు. ఒక్క రోజులో కొన్ని వేలసార్లు చేసే పని ఇది. మూడేళ్లు పెద్ద పడవలో ఇలాగే తిరిగి నేను కుడి భుజం పాడు చేసుకున్నాను. అంతకాలం లోపం నా టెక్నిక్‌లోనే ఉందనుకున్నాను.

ఫోమ్ తుంటి దగ్గర బాగా పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. తొడల దగ్గర కూడా కొంతవరకు నయం. అక్కడా చాలకపోతే సీటు కింద ఫోమ్ వేసి మనిషిని పైకి లేపుతారు. రెండు మూడు సెంటీమీటర్లు లేపినా పడవ కంగారు పెట్టడం మొదలవుతుంది.

ఇక గాలి. పడవ ముందుకు వెళ్తున్నప్పుడు ముందు కొసను నీళ్లు గట్టిగా పట్టుకుంటాయి, వెనక కొసకు ఆ పట్టు ఉండదు. పక్కగాలి వీస్తే వెనక భాగం కొట్టుకుపోయి, ముందు కొస గాలివైపు తిరుగుతుంది. దాదాపు ఏ కయాక్‌కైనా ఇది ఉంటుంది. తేలికైన మనిషి కింద పెద్ద పడవ బాగా పైకి తేలుతుంది కాబట్టి గాలికి దొరికే భాగం ఎక్కువ, నీళ్లలో ఉండే భాగం తక్కువ. స్కెగ్ (వెనక అడుగు నుంచి నీళ్లలోకి దించే చిన్న రెక్క) పూర్తిగా దించినా చాలని రోజులు నేను చూశాను. సరిచేయడానికి పడవను వాల్చుదామంటే, 50 కిలోల మనిషి ఒరిగినంత మాత్రాన 56 సెంటీమీటర్ల పడవ తేలిగ్గా వాలదు.

దూరప్రయాణం:
గాలి గురించి మీరు చెప్పింది ఖాళీ పడవకు వర్తిస్తుంది. నేను మాట్లాడుతున్నది నిండు పడవ గురించి. అదీగాక 17 అడుగుల పడవ వేగం వేరు. పొడవు తగ్గితే రోజుకు వెళ్లగలిగే దూరం తగ్గదా?

తెడ్డుపట్టు:
వేగం విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. నీటిని తాకే పొడవు అడుగుల్లో ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ వేగానికి హద్దు నాట్‌లలో (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వస్తుంది. ఆ పొడవు 15.5 అడుగులైతే సుమారు 5.3 నాట్లు, 14 అడుగులైతే 5. రోజంతా తెడ్డు వేసే తేలికైన మనిషి వెళ్లేది మూడు, మూడున్నర నాట్లు. రెండు హద్దులూ అందని దూరంలోనే ఉన్నాయి. ఆ వేగంలో మనల్ని వెనక్కి లాగేది ఎక్కువగా పడవ ఒంటికి నీళ్ల రాపిడి. తడిసే ఒళ్లు తక్కువ ఉన్న పడవకే తక్కువ బలం చాలు. పొడుగు పడవ వేగం ఆ హద్దు దాకా తోయగలిగే బలం ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

నిండు పడవ సంగతి కూడా చూద్దాం. మీ 20 కిలోల నీళ్లు మొదటి రోజువి. నాలుగో రోజు సాయంత్రానికి నాలుగు కిలోలే మిగులుతాయి, తిండి కూడా అయిపోతుంది. మనిషి బాగా అలసిపోయిన రోజునే పడవ బాగా పైకి తేలుతుంది.

దూరప్రయాణం:
దానికి ఉపాయం ఉంది. ఖాళీ అయిన నీళ్ల సంచుల్లో సముద్రపు నీళ్లు నింపి, సీటు వెనకాల కింద అడుగున కదలకుండా కట్టుకుంటాను. పది లీటర్లు పెడితేనే తేడా తెలుస్తుంది. వదులుగా మాత్రం పెట్టకూడదు, పడవ వాలినప్పుడు అవి కిందివైపుకే జారి ఇంకా తిప్పేస్తాయి. వేగం లెక్క గురించి ఆలోచిస్తాను, అందులో పస ఉంది.

గట్టుచేరువ:
ఇద్దరూ పడవ నిటారుగా ఉన్నప్పటి సంగతే మాట్లాడుతున్నారు. తలకిందులైతే? కాక్‌పిట్ ఎంత పెద్దదైతే అంత నీరు లోపలికి వస్తుంది, ప్రతి లీటరూ ఒక కిలో. అదంతా పంప్‌తో తోడాల్సింది మీరే. వెనక డెక్ ఎత్తుగా ఉంటే నీళ్లలోంచి దాని మీదికి పాకడం చిన్న చేతులవాళ్లకు నరకం. వెనక్కి వాలి రోల్ (తిరగబడ్డ పడవను లోపల కూర్చునే మళ్లీ నిలబెట్టడం) చేద్దామన్నా ఆ అంచు నడుముకు అడ్డం వస్తుంది. నేను నేర్పించేవాళ్లలో రోల్ రాదని ఏడ్చినవాళ్లు పడవ మార్చగానే రెండో రోజుకే లేచారు. తోటివాళ్లను కాపాడాల్సి వచ్చినప్పుడు కూడా మీరు పట్టుకునేది మీ పడవనే కాదు, వాళ్ల నిండు పడవను కూడా. అందుకే సామాను తగ్గించుకోవడం కూడా నేర్చుకోవాలి.

ఇంకో మాట. 25 కిలోలంటే మీ బరువులో సగం. అలలు కొట్టే ఒడ్డున, ఒంటరిగా, దాన్ని నీటిలోంచి పైకి తేవాల్సింది మీరే.

గ్రీన్‌ల్యాండ్ కర్ర:
గ్రీన్‌ల్యాండ్‌లో వేటగాళ్లు పడవను తమ ఒంటి కొలతలతోనే కట్టుకునేవారు. పొడవు ఇన్ని బారలు, వెడల్పు తుంటికి పక్కన రెండు పిడికిళ్లు, ఇలా. సగటు మగవాడి కొలతతో ఒకే పడవ చేసి మిగతా అందరినీ ఫోమ్‌తో సర్దుకోమనడం ఫ్యాక్టరీలు వచ్చాక పుట్టిన పద్ధతి. బ్రిటిష్ తయారీదార్లు కొందరు ఒకే పడవను ఎల్‌వీ, ఎమ్‌వీ, హెచ్‌వీ (తక్కువ, మధ్యస్థ, ఎక్కువ వాల్యూమ్) అని మూడు సైజుల్లో చేస్తున్నారు, నాకు చాలా సంతోషం. కానీ జాగ్రత్త. ఎల్‌వీ అని రాసి డెక్ మాత్రమే దించి, కింది ఒళ్లు అలాగే ఉంచినవి కూడా ఉంటాయి. పేరు చూడకండి, కూర్చుని చూడండి.

ఉప్పుగాలి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రెండూ నడిపాను. నా స్నేహితురాలు తన పడవ ఇచ్చింది, 16 అడుగులు, వెడల్పు 52 సెంటీమీటర్లు. పెద్ద పడవను ముందు ఖాళీగా, తర్వాత 20 లీటర్ల నీళ్లతో చూశాను. దూరప్రయాణం గారు చెప్పినట్టు నీళ్లు పెట్టాక గాలికి తిరిగిపోవడం చాలా తగ్గింది, అది నిజం. కానీ మోచేతులు అలాగే పైకి లేచాయి. అంచుకు తగిలి నా బొటనవేళ్లు కందిపోయాయి. చిన్న పడవలో తొడలు ఆనగానే, నేను ఒరిగితే పడవ కూడా ఒరిగింది. రెండేళ్లలో మొదటిసారి అలా జరిగింది.

సామాను ఒడ్డున పరిచి చిన్న పడవలో సర్దాను. టెంట్ పోల్స్ ముందు కొసలోకి విడిగా దూర్చాను. మందపాటి స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే పట్టలేదు.

దూరప్రయాణం:
స్లీపింగ్ బ్యాగ్‌ను గుండ్రటి సంచిలో పెట్టకండి, కొస వైపు సన్నబడే సంచిలో పెట్టి గాలి పూర్తిగా తీసేయండి. దాన్ని వెనక హ్యాచ్ చివరి మూలకు, స్కెగ్ పెట్టె పక్కకు తోయండి. పడుతుంది. నీళ్లు మాత్రం అక్కడికి వెళ్లనివ్వకండి, బరువు సీటు దగ్గరే ఉండాలి. మీ తొడలు ఆనాయి అన్నారు కదా, ఇక ఆ పెద్దది వదిలేయండి.